బరువుల పనిలో మా పెద్దబాపు ఎల్లయ్య

మా పనిని కంపెనీల్లో రిగ్గింగ్ అంటారు. పాతవాళ్లు ఖలాసీ పని అనేవారు. మా ఇంట్లో ఆడవాళ్లు మాత్రం మొదటినుంచీ ‘బరువుల పని’ అనే అంటారు. నాకు ఆ పేరే నచ్చుతుంది. ఒకచోట ఉన్న పెద్ద యంత్రాన్ని ఒరగకుండా, పగలకుండా, ఎవరి ప్రాణం మీదికీ రాకుండా ఇంకోచోటికి చేర్చాలి. పని అంటే అంతే. నాచారం, ఉప్పల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ముప్పై ఎనిమిదేళ్లు అదే చేశాను. ఇప్పుడు పీర్జాదిగూడలో ఇంటిపట్టున ఉంటున్నాను.

ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. “అంకుల్, ఏ క్రేన్ మీద నేర్చుకుంటే బాగుంటది?” అని అడుగుతారు. క్రేన్ సంగతి కంపెనీవాళ్లే నేర్పుతారు. వాళ్లు నేర్పలేనిది కొంత ఉంది. అది నాకు నేర్పిన మనిషి గురించి రాస్తాను. ఆయన మా నాన్నకు అన్న, నాకు పెద్దబాపు. పేరు ఎల్లయ్య. తొంభై దాటి బతికాడు. పోయి ఏడాది కావస్తోంది.

తప్పిపోయిన బర్రె

మాది జనగామ వైపు చిన్న ఊరు. పెద్దబాపుకు ఇరవై ఏళ్లప్పుడు మేతకు తోలిన బర్రె ఒకటి తప్పిపోయింది. “బర్రె లేకుండ ఇంట్ల అడుగు వెట్టకు” అని మా తాత గట్టిగా అన్నాడట. బర్రె ఆ సాయంత్రమే తనంతట తాను ఇంటికి వచ్చింది. వెతకబోయిన పెద్దబాపు మాత్రం పదకొండేళ్లకు వచ్చాడు.

ఆ పదకొండేళ్లలో మొదటి భాగం కృష్ణ మీద పెద్ద డ్యామ్ కట్టేచోట గడిచింది. రాళ్లు మోసే కూలీగా చేరాడు. ఒకనాడు పైనుంచి ఒక బండ జారితే అందరూ పరుగెత్తారు. పెద్దబాపు పక్కనున్న దుంగను కాలితో దాని కిందికి తోసి, ఆ తర్వాత పరుగెత్తాడు. బండ ఆగింది. అక్కడ సముద్రపు ఒడ్డునుంచి వచ్చిన ఖలాసీల మేస్త్రీ ఒకడు అది చూశాడు. “నువ్వు రాళ్లు మొయ్యకు, నాతో రా” అన్నాడు. ముడులు వేయడం, కప్పీలు కట్టడం, కర్రల మీద బరువు దొర్లించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ మేస్త్రీ వెంట విశాఖపట్నం పోయి, ఓడ అడుగునుంచి ఇంజన్ పైకి తీశాడు. తర్వాత ఉత్తరాన మంచుకొండల్లో వంతెనలు కట్టే పనికి పోయాడు. అక్కడ ఒక ఎలుగుబంటి డేరాలో దూరి పది మందికి నెలకు సరిపడే బెల్లం తిని, బరువెక్కి అక్కడే నిద్రపోయిందని చెప్పేవాడు. మా చిన్నతనంలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నామో లెక్కలేదు. ఎలుగుబంటి దగ్గరికి రాగానే కొండల కథ అయిపోయేది. ఆ తర్వాత ఏమైందని అడిగితే, “తర్వాత ఏముంది, మబ్బులు, వాన” అనేవాడు.

పెళ్లయి, పిల్లలు పుట్టాక ఇరాక్ పోయాడు. ఎడారిలో పైపులు వేసే పని. యుద్ధం మొదలైంది. కంపెనీవాళ్లు కూలీలను లారీల్లో ఎక్కించి సరిహద్దుకు పంపారు. దారిలో ముందున్న లారీ ఇసుకలో కూరుకుపోయింది. వెనకవి కదలడానికి దారి లేదు. కప్పీ ఉంది, గొలుసు ఉంది. కట్టడానికి చుట్టుపక్కల ఒక చెట్టు లేదు, రాయి లేదు. పెద్దబాపు నడుము లోతున గుంత తవ్వించాడు. స్టెప్నీ టైరును అందులో నిలువుగా పాతించి ఇసుక కప్పించాడు. దానికి కప్పీ కట్టి లారీని బయటికి లాగాడు.

“ఇసుక దేన్నైన జారవిడుస్తది గని, లోతుగ పాతిపెడితే అదే గట్టిగ పట్టుకుంటది” అనేవాడు. నేను ఈ మాటను ముప్పై ఏళ్లు వాడుకున్నాను.

ఇరాక్ నుంచి వచ్చాక ఇక ఎక్కడికీ పోనని పెద్దమ్మకు మాటిచ్చాడు. నాచారంలో యంత్రాలు ఎత్తే కాంట్రాక్టు కంపెనీలో మేస్త్రీగా కుదిరాడు. అప్పుడు నాకు ఇరవై ఒకటి. డిగ్రీ తప్పి తిరుగుతున్నాను. “వాన్ని నా ఎంట పంపు” అని మా నాన్నకు కబురు పెట్టాడు.

నేల చూడు

నేను చూసిన మొదటి పని ఒక పెద్ద ప్రెస్సును షెడ్డులోపలికి చేర్చడం. లారీ మీద అది ఏనుగులా కూర్చుని ఉంది. మేమంతా దాని చుట్టూ తిరుగుతున్నాం. పెద్దబాపు దాని వంక కూడా చూడలేదు. షెడ్డులోకి పోయి నేలమీద బోర్లా పడుకున్నాడు. చెంప సిమెంటుకు ఆనించి, చేతిలో చిన్న సుత్తితో కొడుతూ, కొంచెం జరుగుతూ, మళ్లీ కొడుతూ పోయాడు. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి పదకొండైనా లేవలేదు.

ఫ్యాక్టరీ మేనేజరుకు ఒళ్లు మండింది. “ఏందయ్యా, పొద్దటిసంది నేల గోక్కుంట కూసున్నవ్? లారీ ఖాళీ చెయ్యాలె.”

పెద్దబాపు లేచి దుమ్ము దులుపుకున్నాడు. “సార్, మిషిన్ ఎంత బరువున్నదో కాయితం మీద ఉన్నది. నేల ఎంత మోస్తదో ఎక్కడ రాసున్నదో జర సూపెట్టున్రి.”

అలాంటి కాగితం ఎవరి దగ్గరా లేదు. తలుపు దాటాక నాలుగు అడుగుల దూరంలో సుత్తి చప్పుడు మారింది. అక్కడ పగలగొట్టి చూస్తే పాత మోరీ, మురుగుకాలువ. ఎప్పుడో మీద పలచగా సిమెంటు పోసి వదిలేశారు. ఆ మేనేజరు ఆ తర్వాత మా పని ఉన్న రోజుల్లో టీ తానే తెప్పించేవాడు.

తొందరపెట్టే సార్లు మీకు చాలామంది తగులుతారు. వాళ్లంతా చెడ్డవాళ్లు కారు. వాళ్లను ఇంకెవరో తొందరపెడుతుంటారు. కోపం తెచ్చుకోకుండా, పని ఆపకుండా, వాళ్లకు జవాబు లేని ఒక్క ప్రశ్న అడగండి. పెద్దబాపు పద్ధతి అదే.

ఇంకో సంగతి. మా పనిలో సైగలు చేసేది ఒక్కడే. మిగతావాళ్లు నోరు మెదపకూడదు. కానీ ‘ఆపు’ అని పిడికిలి ఎత్తే హక్కు మాత్రం అందరికీ ఉంటుంది. ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ ఎత్తుతుంటే ఊడ్చే ఆమె చీపురు కింద పడేసి చెయ్యెత్తింది. పెద్దబాపు వెంటనే ఆపించాడు. పైన కేబులు తెగుతోందనుకుందట. చూస్తే అది రేకు సందులోంచి పడుతున్న నీడ. ఫ్యాక్టరీ యజమాని, ఆయన పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

పెద్దబాపు ఆమెను కూర్చోబెట్టి, తన గ్లాసులో చాయ్ పోసి ఇచ్చాడు. “మంచిగ ఆపినవమ్మా” అన్నాడు.

తర్వాత మాతో అన్నాడు: “ఇయ్యాల మనం నవ్వినమనుకో, రేపు నిజంగనే తెగేది కండ్లార సూసినా ఆమె చెయ్యెత్తదు. ఆపమన్నోల్లను సూసి ఎన్నడు నవ్వొద్దు.”

నేను చేసిన తప్పు

పనిలో చేరిన పదమూడు పద్నాలుగేళ్లకు నేనే ఒక ముఠాకు పెద్దనయ్యాను. పెద్దబాపుకు అరవై దాటాయి. పని చూడటానికి వచ్చేవాడు కానీ చెయ్యి పెట్టేవాడు కాదు. నాకు పని వచ్చుననే ధీమా బాగా పెరిగింది. ఈ పనిలో మనిషిని చంపేది తెలియనితనం కాదు, ఆ ధీమా.

నాచారంలో మూతపడుతున్న ఒక ఫ్యాక్టరీలోంచి నాలుగు టన్నుల గేర్‌బాక్సు తీయాలి. దాని అడుగున పలక అంచు కత్తిలా ఉంది. వైరు తాడు అలాంటి అంచు మీదుగా పోయేటప్పుడు మధ్యలో మందపాటి చెక్కముక్కలు పెట్టాలి. లేకపోతే అంచు తాడును కోస్తుంది. మా చెక్కముక్కలు లారీలో ఉండిపోయాయి. లారీ డీజిలు కోసం ఉప్పల్ పోయింది. అరగంట ఆగాలి.

ఎత్తేది ఒక్క అడుగే కదా అనుకున్నాను.

బరువు ఊగకుండా దూరంనుంచి తాడుతో పట్టుకోవాలి. ఆ తాడు కూడా లారీలోనే ఉంది. సత్తయ్య అని మా ముఠాలో నెమ్మదైన మనిషి ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. “సత్తయ్యన్నా, జర చేత్తోని పట్టుకో, ఊగకుండ” అన్నాను. అతను ఒకసారి నా ముఖం వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అయినా చెయ్యి ఊపాను. వచ్చి పట్టుకున్నాడు.

అడుగు ఎత్తు లేచింది. టప్ మని ఒక చిన్న చప్పుడు. గేర్‌బాక్సు మూల అతని కుడిపాదం మీద పడింది.

దవాఖానాలో పాదం ముందు సగం తీసేశారు.

ఆ సాయంత్రం మా కంపెనీ యజమాని నన్ను ఆఫీసుకు పిలిచాడు. కేకలు వేయలేదు. కుర్చీ చూపించాడు. “మల్లేశం, సత్తయ్య నువ్వు వద్దన్నా లోపలికి వచ్చిండని రాద్దాం. నీ మీదికి రాదు, కంపెనీ మీదికి రాదు. వాని దవాఖాన సంగతి, ఇంటి సంగతి నేను సూసుకుంట. రేపు పొద్దున వచ్చి సంతకం పెట్టు.”

నేను సరే అనలేదు, కాదని కూడా అనలేదు. లేచి వచ్చేశాను. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఇంటికి పోయేసరికి ఆ మాట నాకు సగం న్యాయంగానే కనిపించడం మొదలైంది. సత్తయ్యకు జరగాల్సింది ఎలాగూ జరుగుతుంది కదా, నేను కూడా మునగడం ఎందుకు అనుకున్నాను. ఇలాంటప్పుడు బుర్ర చాలా చురుగ్గా పనిచేస్తుంది. జాగ్రత్త.

ఎలుగుబంటి తర్వాతి కథ

పెద్దబాపు ఊళ్లో పెళ్లికి పోయి ఉన్నాడు. కబురు అందగానే మొదటి బస్సుకు బయల్దేరి ఉప్పల్‌లో దిగి, నేరుగా దవాఖానాకు పోయి సత్తయ్యను చూసి, తర్వాత మా ఇంటికి వచ్చాడు. నేను ఆఫీసుకు పోవడానికి చొక్కా వేసుకుంటున్నాను. గడపలోనే నిలబడి అడిగాడు.

“ఆన్ని రమ్మన్నది ఎవరు?”

“నేనే.”

“చేత్తోని పట్టుకోమన్నది?”

“నేనే, పెద్దబాపూ.”

“మరి కాయితంల ఏం రాస్తున్నరు?”

నేను చొక్కా గుండీల వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. తిడతాడనుకున్నాను. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. నా భార్య నీళ్లిస్తే తాగి, గ్లాసు పక్కన పెట్టాడు.

“కొండలల్ల ఎలుగొడ్డు కథ చెప్పిన గదా. దాని తర్వాత అయిన ముచ్చట ఎవ్వలకు చెప్పలే. మీ పెద్దమ్మకు గూడ.”

ఆ కొండల్లో వాళ్లు ఒక లోయ మీద వైరు తాడు కట్టారు. దాని మీద చిన్న ట్రాలీలో సామాను అవతలి ఒడ్డుకు పంపేవారు. అక్కడి ఊరివాడు బీర్‌సింగ్ అని, ఇరవై రెండేళ్లవాడు, కూలికి వచ్చేవాడు. పెద్దబాపు వెంట తిరిగి ముడులు నేర్చుకున్నాడు. పెద్దబాపుకు మక్కరొట్టె తినడం, మంచులో నడవడం నేర్పాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. అయినా పొద్దంతా మాట్లాడుకునేవారు.

“తాడు కొసల క్లాంపులు బిగిస్తం గదా. మొదటి బరువు పోయినంక తాడు సాగి సన్నగైతది, క్లాంపులు వదులైతయి. మళ్ల బిగియ్యాలె. నాకు తెల్వదా? మంచిగ తెలుసు. గని ఆనాడు మబ్బు వట్టింది. వాన రాకముందే సామాను దాటాలె అని ఓవర్సీయర్ ఒక్కతీరుగ తొందర వెట్టిండు. ఇంకొక్కటి పోయొచ్చినంక బిగిస్త తీ అనుకున్న. బీర్‌సింగ్‌ను నేనే ఎక్కమన్న. ‘సామాను పట్టుకొని కూసో, పోయి రా’ అన్న. నవ్వుకుంట ఎక్కిండు.”

పెద్దబాపు ఖాళీ గ్లాసును ఇంకొంచెం పక్కకు జరిపాడు.

“నడుమల పోయినంక తాడు జారింది. కింద ఏరు. మనిషి గూడ దొరకలే.”

ఓవర్సీయర్ కాగితం రాశాడు. మనిషి తాగి ఉన్నాడని, ఎవరికీ చెప్పకుండా ట్రాలీ ఎక్కాడని. పైనుంచి వచ్చిన సార్లు పెద్దబాపును పిలిచి, ఇది నిజమేనా అని అడిగారు.

“తల ఊపిన. గంతే మల్లేశూ. నోరు తెరిచి అవద్దం గూడ ఆడలే. తల ఊపిన. ఆనాటిసంది ఆ ఊపుడు నా మెడల్నే ఉన్నది.” ఆయన కళ్లలో నీళ్లు రాలేదు. గొంతు కూడా మారలేదు. “నీది నీ ఇష్టం. సంతకం పెడితే కొలువుంటది. తప్పు చేసినోన్ని నేను పండవెట్టి తన్న, తప్పు నేను గూడ చేసిన. గని కాలు పోయినోని మీదనే తప్పు వెట్టి నువ్వెట్ల నిద్రపోతవో నాకు తెల్వది. నేనైతే సరిగ నిద్రపోలే.”

నేను ఆఫీసుకు పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. యజమాని “నీ ఇష్టం” అన్నాడు. ముఠా పెద్దరికం పోయింది. రెండేళ్లు వేరేవాళ్ల కింద తాడు పట్టాను. సత్తయ్యకు న్యాయంగా రావలసినవి వచ్చాయి. కొంతకాలానికి కంపెనీ సామాన్ల స్టోరులో కూర్చునే పని ఇచ్చారు.

నిజం చెప్పినందుకు సత్తయ్య నన్ను కౌగిలించుకున్నాడని మీరు అనుకుంటే పొరపాటు. ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. దవాఖానాకు పోతే గోడ వైపు తిరిగేవాడు. తర్వాత ఒకరోజు స్టోరులో తాడు తీసుకోవడానికి పోతే, అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పారేశాడు. “ఇది వద్దు, నడుమ రెండు తీగలు తెగినయి. ఇంకోటి తీస్క” అన్నాడు. ఆ తర్వాత పాతికేళ్లు అతని చెయ్యి పడకుండా ఒక్క తాడు కూడా బయటికి పోలేదు. మా కంపెనీలో మళ్లీ ఎవరి కాలూ పోలేదంటే అతని వల్లే.

కొండ మీద ఊరు

ఒక ఆదివారం పెద్దబాపును అడిగాను, బీర్‌సింగ్ ఊరికి ఎప్పుడైనా పోయావా అని.

“ఏం మొకం వెట్టుకొని పోవాలె?”

ఊరి పేరు గుర్తుందా అంటే వెంటనే చెప్పాడు. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఎన్ని మెట్లు ఎక్కాలో అన్నీ చెప్పాడు. ముప్పై ఏళ్లు దాటినా ఏదీ మరవలేదు. “పోదాం పా” అన్నాను. ఆయనకు మోకాళ్ల నొప్పులు. పెద్దమ్మ వద్దని ఏడ్చింది. ఆయన ఆమెకూ మొత్తం కథ చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుని, రెండు రోజులకు సరిపడే సకినాలు మూటకట్టి ఇచ్చింది.

రైల్లో ఢిల్లీ, అక్కడినుంచి బస్సుల్లో ఒకటిన్నర రోజు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, అది వాళ్ల ఇంటి సంగతి. ఇరవై పాతిక ఇళ్లు, కొండ వాలు మీద ఒకదానిపైన ఒకటి. అడుగుతూ పోతే ఒక ఇల్లు చూపించారు. మెట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని మక్కకంకులు ఒలుస్తోంది. బీర్‌సింగ్ తల్లి. ఆమె బతికి ఉంటుందని మేము అనుకోలేదు. పక్కన బీర్‌సింగ్ చెల్లెలు కమల ఉంది. చిన్నబడిలో టీచరు, హిందీ బాగా వచ్చు.

వాళ్లు మంచం వేశారు. పెద్దబాపు కూర్చోలేదు. మెట్టు కింద నేలమీద కూర్చున్నాడు. తన హైదరాబాదు హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. ముసలమ్మకు సరిగా వినపడదు. కమల, “గట్టిగా చెప్పండి” అంది. పెద్దబాపు గొంతు పెంచి మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

“తాగలేదమ్మా నీ కొడుకు. ఆ రోజు చాయ్ తప్ప ఏం తాగలేదు. ఎక్కమన్నది నేను. తాడు బిగియ్యనిది నేను. అడిగినప్పుడు తల ఊపింది గూడ నేనే.”

కమల తన భాషలో తల్లి చెవి దగ్గర చెప్పింది. ముసలమ్మ చేతిలో ఉన్న కంకి పూర్తిగా ఒలిచింది. ఇంకోటి తీసుకుని అదీ ఒలిచింది. మేము కూర్చునే ఉన్నాం. చివరికి ఏదో అంది. కమల మాకు చెప్పింది.

“నా కొడుకు తాగడని నాకు ముందే తెలుసు, నాకు చెప్పి ఏం లాభం? ఊరికి చెప్పు, అంటోంది.”

తాగి చచ్చాడనే మాట ఆ ఊళ్లో నిలిచిపోయింది. బీర్‌సింగ్ తండ్రి బతికున్నన్నాళ్లు కొడుకు పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదట.

పెద్దబాపు లేచాడు. మొదటి ఇంటి గడపలో నిలబడి చెప్పాడు. తర్వాత రెండో ఇల్లు. ఇంటింటికీ మధ్య రాతిమెట్లు. నేను ఆయన చంకలో చెయ్యి వేసి ఎక్కించాను. ముసలమ్మ కర్ర పట్టుకుని మా వెనకే వచ్చింది. ప్రతి గడప దగ్గరా పక్కకు నిలబడి, ఆయన మొత్తం చెప్పేదాకా చూసి, తర్వాత ముందుకు కదిలేది. ఎక్కడా ఒక మాట తగ్గించడానికి వీల్లేకపోయింది. ఆయన తగ్గించాలని కూడా చూడలేదు.

పైవరసలో ఒక ముసలాయన బీర్‌సింగ్‌తో పాటు అదే పనికి పోయినవాడు. పెద్దబాపును గుర్తుపట్టాడు. లోపలికి రమ్మనలేదు.

“ఇన్నేళ్లు ఏం చేశావు?” అని అడిగాడు.

“భయపడ్డ” అన్నాడు పెద్దబాపు.

“ఇప్పుడు భయం పోయిందా?”

“పోలేదు. చెప్పకుండనే సచ్చిపోతనేమో అని ఇంక భయమైంది.”

ఆ ముసలాయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఇంట్లో అందరినీ పిలిచాడు.

చివరి ఇల్లు అయ్యేసరికి పొద్దు వాలింది. పెద్దబాపు మోకాళ్లు వాచిపోయాయి. ముసలమ్మ, “రొట్టె తిని పొండి” అంది. ఆమె క్షమించిందని నేను రాయలేను. ఆమె ఆ మాట అనలేదు. రొట్టె తానే చేసింది. తినేటప్పుడు పెద్దబాపుకు ఎదురుగా కూర్చుని, బీర్‌సింగ్ పని దగ్గర ఎలా ఉండేవాడో అడిగింది. ఆయన చెప్పాడు, కమల తర్జుమా చేసింది. ఎలుగుబంటి బెల్లం తిన్న కథ కూడా చెప్పాడు. ఆ డేరాలోంచి ఎలుగుబంటిని తరిమింది బీర్‌సింగ్ అని నాకు అప్పుడే తెలిసింది. ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆఖరి ఏళ్లు

తిరిగి వచ్చాక పెద్దబాపు మనిషి ఏమీ మారలేదు. మోకాళ్లకు నూనె రాయించుకోవడం, చాయ్‌లో చక్కెర తక్కువైందని గొణగడం మామూలే. ఒక్కటే తేడా. పనిలో కొత్తగా చేరినవాళ్లు కథ చెప్పమని వస్తే బీర్‌సింగ్ కథ మొదట చెప్పేవాడు. వాళ్లకు ఇరాక్ కథ కావాలి. “అది తర్వాత. ముందుగాల ఇది వినున్రి” అనేవాడు. కొందరు మధ్యలోనే లేచి పోయేవారు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో ఆయనకు ఎనభై దాటాయి. హబ్సిగూడలో మా చెల్లెలి, అంటే ఆయన కూతురి ఇంట్లో ఉండేవాడు. రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి, పెద్ద పెద్ద సిమెంటు ముక్కలు పైకి లేస్తుంటే చూసేవాడు. వాచ్‌మన్ రెండుసార్లు తరిమాడు. మూడోసారి ఒక ఆడపిల్ల, ఇంజనీరు, వచ్చి, “తాతా, ఏం సూస్తున్నవ్ రోజు?” అని అడిగింది. “నువ్వు ఎత్తేటప్పుడు చేసే సైగలు సూస్తున్న బిడ్డా. మంచిగున్నయి, తొందర లేదు” అన్నాడట. ఆ పిల్ల ఆయనకు ఒక హెల్మెట్ పెట్టి, బారికేడు పక్కన కుర్చీ వేయించింది. నెలరోజులు ఆ కుర్చీలో రాజులా కూర్చున్నాడు. ఆ నెల ఇంట్లో ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది పెద్దగా లేదు. తప్పు చేయకుండా ఎవరూ రిటైర్ కారు. నేను కాలేదు, పెద్దబాపు కాలేదు. తప్పు జరిగిన మర్నాడు పొద్దున మీ ముందు ఒక కాగితం పెడతారు. పెట్టేవాడు మర్యాదగానే ఉంటాడు, మీ పిల్లల గురించే మాట్లాడతాడు. ఆ పొద్దున ఏం చేస్తారన్నదే మీ ఉద్యోగం. మిగతాదంతా తాళ్లు, గొలుసులు. అవి ఆరు నెలల్లో వస్తాయి.

పెద్దబాపు పోయిన ఏడాది చలికాలంలో పోయాడు. జబ్బేమీ లేదు. నాలుగు రోజులు అన్నం తగ్గించాడు. మధ్యాహ్నం పూట, ఇంట్లో మంచం మీదే. ఆ సాయంత్రం అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. కమలకు కూడా చేశాను. వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది. అయినా కమల ఏటా ఒకసారి ఫోన్ చేసి పెద్దబాపు ఆరోగ్యం అడుగుతూనే ఉండేది.

 చెప్పగానే ఆమె ఒక్కటే అడిగింది.

“పోయేటప్పుడు ఆయన దగ్గర ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నం అక్కా” అన్నాను. “ఇంట్ల అందరం ఉన్నం. చెయ్యి నేనే పట్టుకున్న.”

“మంచిది” అంది. “అట్లాగే ఉండాలి ఎవరికైనా.”